పదకొండు కుర్చీలు, ఐదుగురు మనుషులు

ఫారం 1 వెనక. సోమవారం.

చేరిక ఫారాల బొత్తులు రెండు వచ్చి ఏడాదిన్నర దాటింది. బొత్తుకు రెండు వందలు. ఇప్పటిదాకా ఒక్కటీ నిండలేదు. ముందువైపు "నేను నా ఇష్టపూర్వకంగా కట్ట దళంలో చేరుతున్నాను" అని అచ్చేసి ఉంటుంది, వెనకవైపు తెల్లగా ఉంటుంది. అధికారిక దినచర్య పుస్తకంలో నిజం రాసే వీల్లేదు గనక ఈ తెల్లవైపు రాస్తున్నాను. ఇక్కడ అన్నిటికీ కరువే గానీ కాగితానికి మాత్రం కాదు.

నా పేరు నూకరత్నం. సముద్రపు కట్ట మీద పద్నాలుగో పోస్టులో రోజూ హాజరు పిలిచేది నేనే. నాలుగేళ్ళకని సంతకం పెట్టాను. "దళ అవసరాల దృష్ట్యా" అంటూ ఏడాదికొకసారి పొడిగిస్తూ పోతే ఇప్పుడు తొమ్మిదో ఏడు నడుస్తోంది. ఇక ఎవడైనా ఎందుకు చేరతాడు? నేనే అయితే చేరను.

మా పని కాల్చడం కాదు. కాల్చడానికి కట్ట మీద నాలుగు మరతుపాకులున్నాయి. అటువైపు నుంచి మనిషి కనబడితే చాలు, గంట మోగుతుంది, తెర మీద బొమ్మ పడుతుంది, "కాల్చనా?" అని అడుగుతుంది. ఇరవై సెకన్లలో మాలో ఒకరు పలక మీద అరచెయ్యి ఆనించాలి. ఆనిస్తే వద్దని అర్థం. ఎవరూ ఆనించకపోతే కాలుస్తుంది. కట్ట కట్టింది పడవల్లో వచ్చే దోపిడీ మూకల కోసం. ఆ మూకలు మాయమై పదకొండేళ్ళయింది. ఆ సంగతి తుపాకులకు ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు అటువైపు నుంచి వచ్చేది చిప్పలదిబ్బ వాళ్ళు. దిబ్బ చుట్టూ బురద, ఉప్పునీళ్ళే. తాగే నీటి కుళాయి కట్టకు ఇటుపక్కనుంది. పొద్దున్నే డెబ్భై ఎనభై మంది బిందెలతో వస్తారు. ఒక్కొక్కరికీ గంట మోగుతుంది, ఒక్కొక్కరికీ మేము వద్దంటాం. అందులో మా అక్క పైడమ్మ ఒకతె. నేను పుట్టింది ఆ దిబ్బ మీదే. ఆ ముఖాలు తెలిసినవాళ్ళెవరైనా ఈ పలకల దగ్గర కూర్చోవాలనే దళంలో చేరాను.

ఈ రోజు పొద్దున తిరుపతమ్మ లేదు. కుర్చీ కింద బూట్లు వదిలేసి లోపలి ఊళ్ళవైపు పారిపోయింది. హాజరులో ఆమె పేరు పిలిచాను, పక్క కుర్చీ కమల "ఉన్నా" అంది. మా పోస్టులో అది ఆనవాయితీ. మనిషి పోయినా, గడువు తీరినా, పారిపోయినా, కొత్తవాళ్ళొచ్చి ఆ కుర్చీలో కూర్చుని తామే పలికేదాకా పక్కవాళ్ళు గొంతిస్తారు. కుర్చీ అనాథ కాకూడదని పాతవాళ్ళు ముచ్చటపడి పెట్టుకున్న పద్ధతి అది. అప్పట్లో పది రోజులు తిరగకుండా కొత్తవాళ్ళు వచ్చేవాళ్ళు.

ఇప్పుడు కమల తనది కాక రెండు గొంతులిస్తోంది. మిగతా నలుగురం ఒక్కోటి. పదకొండు కుర్చీల్లో మనుషులున్నవి ఐదు.

ఫారం 2 వెనక. బుధవారం.

మనుషుల్ని పంపమని ప్రధాన కార్యాలయానికి ఈ నెలలో మూడోసారి రాశాను. ఈ రోజు జవాబొచ్చింది. "మీ పోస్టు పూర్తి బలంతో ఉంది. కొత్తవారిని లోటున్న పోస్టులకు మాత్రమే కేటాయిస్తాము."

రెండుసార్లు చదివాను. మూడోసారి గట్టు మీద కూర్చుని చదివాను.

హాజరు వేళ స్తంభానికున్న మైకు మా గొంతులు విని కార్యాలయానికి పంపుతుంది. అది లెక్కపెట్టేది "ఉన్నా" అన్న మాటలను. ఎవరు అన్నారో దానికి పట్టదు. ఏడాదిన్నరగా మేము పదకొండు "ఉన్నా"లు పలుకుతున్నాం. పలికించింది నేనే. పేరు పిలవడం మానేస్తే పోయినవాళ్ళను అవమానించినట్టని మానలేదు. ఇంత తెలివితక్కువ పని భూమ్మీద ఇంకెవరైనా చేస్తారా?

సాయన్నను వెతుక్కుంటూ వెళ్ళాను. మాలో పెద్దవాడు ఆయనే. పడమటి నుంచి వచ్చి పదహారేళ్ళయినా యాస పోలేదు. విని గడ్డం గోక్కున్నాడు.

"నిజం చెప్పేద్దామా అన్నా?"

"చెప్తే ఏమైతదో ఎరుకనే గద చెల్లె. ఏడుగురికి తక్కువుంటే తుపాకులు ఇగ మనల్ని అడగయి. వాటంతటవే కాలుస్తయి. తొమ్మిదో పోస్టుల ఏమైంది?"

తొమ్మిదో పోస్టులో ఆరుగురే మిగిలారని అక్కడి గుమస్తా ఉన్నదున్నట్టు రాసి పంపాడు. నిబంధన ప్రకారం ఆ మధ్యాహ్నమే తుపాకులు ఒంటరి కాపలాకు మారాయి. మర్నాడు నీళ్ళకొచ్చిన పదిహేడు మంది బిందెలతో సహా బురదలో పడ్డారు. కొత్తవాళ్ళు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలలూ అటువైపు ఊళ్ళో ఏం తాగారో ఎవరూ రాయలేదు.

"మరి చెప్పకపోతే?"

"చెప్పకపోతే మనమైదుగురం మెలకువగుండాలె. అంతే."

అంతే అన్నాడు గానీ నా కళ్ళలోకి చూడలేదు. నాకు భయంగా ఉంది.

ఫారం 3 వెనక. శనివారం.

నాలుగు పలకలకు నలుగురు కావాలి. పలకల్ని వైర్లు పొడిగించి జతలుగా పక్కపక్కన పెట్టాం. ఒక మనిషి రెండు చేతులూ చాపి రెండు పలకలు చూసుకుంటాడు. ఇద్దరు కూర్చుంటే ముగ్గురికి విశ్రాంతి. వినడానికి బాగానే ఉంది, కానీ గస్తీ, వంట, మరమ్మతులు ఆ ముగ్గురే చూడాలి. మూడు రోజులయ్యాక మనిషి కళ్ళు తెరుచుకునే నిద్రపోతాడని తెలిసింది.

ఈ రోజు నా విశ్రాంతి వేళ ఫారాలు చంకన పెట్టుకుని దిబ్బ మీదికి వెళ్ళాను. ఇద్దరు చేరినా ఊపిరి పీల్చుకోవచ్చు. పలకకు కొత్త అరచెయ్యి నేర్పడం పది నిమిషాల పని, కానీ కార్యాలయం అనుమతి లేనిదే పలక తెరుచుకోదు. ఖాళీ లేని పోస్టుకు అనుమతి ఎలా అడగాలో అప్పటికింకా ఆలోచించలేదు. మునిగిపోయే మనిషికి ఆలోచనలు వరసగా రావు.

ఆలిచిప్పలు ఒలుస్తున్న ఆడవాళ్ళు నన్ను చూసి పలకరించారు, నా చేతిలో ఫారాలు చూసి ముఖాలు చాటేశారు. ఒకామె మాత్రం మొహమాటం లేకుండా అనేసింది.

"మా పెద్దోడు పన్నెండో పోస్టుకెల్లి ఏడేళ్ళయింది రత్నం. మూడేళ్ళన్నారు. ఆడి గొంతెలాగుంటాదో మరిసిపోనాను."

ఆ మాట నా గురించి కూడా. ఫారాలు వెనక్కి పెట్టుకున్నాను.

అక్క గట్టు దాకా సాగనంపింది. నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"ఏటి సెల్లీ, ఇలాగైపోనావు? పడుకుంటన్నావా లేదా?"

"పడుకుంటున్నాను."

"అబద్దం సెప్పకు. నీ కల్లు పీక్కుపోనాయి."

అప్పుడు చెప్పేశాను. మొత్తం, గొంతుల సంగతితో సహా. అక్క అరవలేదు, తిట్టలేదు. కాసేపు తుపాకులవైపు చూసి, "అంటే మేం పేణాలతో ఉన్నామంటే మీరు తూగకుండా ఉన్నారు కాబట్టా?" అని అడిగింది. అవునన్నాను.

ఫారం 4 వెనక. మంగళవారం.

తుపాకీ పేలింది.

మాలో నాలుగోవాడు ఖాసిం పలకల దగ్గరున్నాడు. ఇరవై రెండు గంటలుగా లేచే ఉన్నాడు, అతని తప్పేం లేదు. నీళ్ళ వరసలో యాభై మందికి వద్దన్నాడు, యాభై ఒకటోసారి గంట మోగేసరికి తల వాలింది. కమల చూసి పరిగెత్తి అతని మణికట్టు పట్టుకుని పలక మీద కొట్టేలోపు ఒక గుండు వెళ్ళిపోయింది.

బిందెకు తగిలింది. నెత్తి మీది బిందె పగిలి ఆ పిల్ల నిలువునా తడిసి, ఏం జరిగిందో తెలియక అలాగే నిలబడింది. జానెడు కిందికి తగిలుంటే అని అందరం అనుకుంటున్నాం, ఎవరూ పైకి అనడం లేదు. ఖాసిం గోడకు తల బాదుకుంటుంటే వెంకన్న పట్టుకున్నాడు. వెంకన్న మా ఐదో మనిషి, మాట్లాడడం తక్కువ.

కార్యాలయానికి రోజూ రెండే అంకెలు వెళ్తాయి: హాజరు, కాల్పులు. ఈ రోజు పదకొండు, ఒకటి. సాయంత్రానికి తంతి వచ్చింది. "చొరబాటును తిప్పికొట్టినందుకు పద్నాలుగో పోస్టుకు అభినందనలు. పూర్తి బలాన్ని నిలుపుకుంటున్న ఏకైక పోస్టు మీదే. శుక్రవారం ఉదయం తనిఖీ అధికారి స్వయంగా వచ్చి సిబ్బందిని చూస్తారు."

సిబ్బందిని చూస్తారట. ఏం చూపించాలి? తిరుపతమ్మ బూట్లా?

ఫారం 5 వెనక. గురువారం.

ఆలోచన నాదే. ఎవరి మీదా తోసెయ్యను.

పెట్టెల్లో పోయినవాళ్ళ యూనిఫారాలు ఆరు జతలున్నాయి. దిబ్బ మీద మనుషులున్నారు. ఒక్క పూట వచ్చి వరసలో నిలబడి, పేరు పిలిస్తే ఉన్నా అంటే చాలు. అధికారి తలలు లెక్కపెట్టుకుని వెళ్ళిపోతాడు.

సాయన్న ఒప్పుకోలేదు. "దొంగ లెక్కకు దొంగ మనుషుల్ని జమ చేస్తవా? ఇది యాడిదాకా పోతది చెల్లె?"

"రేపు మధ్యాహ్నం దాకా వెళ్తే చాలు అన్నా. తరవాత సంగతి తరవాత."

"గా తరువాత సంగతికే నాకు బుగులు, భయమైతుంది."

ఆయన అంతకన్నా వాదించలేదు. వేరే దారి ఉంటే చెప్పేవాడే.

అక్క ముగ్గురు ఆడవాళ్ళను, ఇద్దరు మగవాళ్ళను పోగేసింది. అక్కతో కలిపి ఆడవాళ్ళు నలుగురు. ఎవరి పేరు ఎవరిదో గట్టు కింద కూర్చోబెట్టి నేర్పించాను. అక్కకు తిరుపతమ్మ పేరిచ్చాను, కొలతలు సరిపోయాయని. చొక్కా తొడుక్కుని బొత్తాలు పెట్టుకుంటూ నవ్వింది.

"బాగున్నానేటి? మీ బావ సూస్తే గుర్తుపట్టడు."

నాకూ నవ్వొచ్చింది. ఆ పూట కాసేపు భయం మర్చిపోయిన మాట నిజం.

ఫారం 6 వెనక. శుక్రవారం.

అక్షరాలు వంకరపోతే పోనీ.

అధికారి నీళ్ళ వేళకు లారీలో వచ్చాడు. సన్నగా, శుభ్రంగా ఉన్నాడు, చేతిలో చిన్న బెత్తం. పలకల దగ్గర సాయన్న, ఖాసిం కూర్చున్నారు. వాళ్ళను చూసి ఇద్దరని రాసుకున్నాడు. బయట వరసలో మేము తొమ్మిది మందిమి: నేను, కమల, వెంకన్న, దిబ్బవాళ్ళు ఆరుగురు. కట్ట అవతల బిందెల వరస అప్పుడే మొదలైంది. గంటలు మోగుతూనే ఉన్నాయి.

పేర్లు పిలిచాను. పదకొండు గొంతులు పలికాయి. అక్క అందరికంటే గట్టిగా ఉన్నా అంది.

"చాలా సంతోషం," అన్నాడు అధికారి. "మిగతా పోస్టుల్లో శవాల్లా ఉన్నారు. మీ పోస్టులో కొందరైనా ఆరోగ్యంగా కనబడుతున్నారు. ఆరో పోస్టులో ముగ్గురే మిగిలారు. ఏడుగురికి చేర్చాలి. ఇక్కడ ఏడుగురుంటే నిబంధనకు సరిపోతుంది కాబట్టి నలుగురిని ఇప్పుడే తీసుకెళ్తాను."

ఆయన వరస వెంట మెల్లగా నడిచాడు. నా ముఖం చూసి ముందుకెళ్ళాడు. కమలను చూసి, వెంకన్నను చూసి తల అడ్డంగా ఊపాడు. మేము వారాల తరబడి నిద్రలేని మనుషులం, మమ్మల్ని ఎవరు కోరుకుంటారు? దిబ్బవాళ్ళ దగ్గర ఆగాడు. బురదలో పనిచేసి గట్టిపడ్డ చేతులు, రాత్రంతా నిద్రపోయిన కళ్ళు. బెత్తంతో చూపించాడు. "నువ్వు. నువ్వు. నువ్వు కూడా." నాలుగోసారి బెత్తం అక్క భుజం మీద ఆనింది. నలుగురూ ఆడవాళ్ళే.

"సార్," అన్నాను, "వాళ్ళు..."

"వాళ్ళు?"

స్తంభం మీద మైకు ఎర్రదీపం వెలుగుతోంది. నేను నిజం చెబితే అది కార్యాలయానికి చేరుతుంది. చేరిన క్షణంలో ఐదుగురే అని లెక్క కట్టి తుపాకులను ఒంటరి కాపలాకు మారుస్తారు. అవతల కనీసం అరవై మంది బిందెలు పట్టుకుని నడుస్తున్నారు. వాళ్ళలో అక్క కూతుళ్ళిద్దరూ ఉన్నారు, నాకు కనబడుతున్నారు.

అక్క నా ముఖం చూసింది. నేను ఎందుకు ఆగిపోయానో అర్థం చేసుకుంది. నాకంటే ముందే అర్థం చేసుకుందేమో కూడా.

"మమ్మల్ని వదలాలంటే ఆమెకు బెంగగా ఉన్నాదండీ," అంది అధికారితో. "మరేం లేదు. పదండి."

వెళ్ళి లారీ ఎక్కింది. మిగతా ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకామె ఏడుపు ఆపుకోలేకపోయింది, అధికారి అది పోస్టు మీద అభిమానమనుకుని భుజం తట్టాడు. ఆరో పోస్టులో వాళ్ళ అరచేతులు కొత్తగా పలకలకు నేర్పిస్తారు. తరవాత వాళ్ళు దళం మనుషులే. తిరుపతమ్మకు కాగితం మీద రెండేళ్ళు మిగిలి ఉంది. ఆ రెండేళ్ళు ఎన్నేళ్ళవుతాయో నాకు తెలుసు.

లారీ కదిలేటప్పుడు అక్క చెయ్యి ఊపలేదు. కట్ట అవతలికి, బిందెలవైపు చూస్తూ వెళ్ళిపోయింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. నన్ను నేను ఎప్పటికీ క్షమించుకోలేను.

ఫారం 7 వెనక. శనివారం. రాస్తున్నది కమల. చెబుతున్నది రత్నమక్క.

నా చేయి ఖాళీ లేదు, అందుకని చెబుతుంటే కమల రాస్తోంది. మాట్లాడుతూ ఉంటే మెలకువగా ఉంటానని సాయన్న అన్నాడు.

నిన్న మధ్యాహ్నం మిగిలిన ఇద్దరు మగవాళ్ళు యూనిఫారాలు విప్పేసి దిబ్బకు వెళ్ళి జరిగింది చెప్పారు. ఈ రోజు తెల్లవారగానే దిబ్బంతా కదిలి వచ్చింది. బిందెలు లేవు. ముందు మా బావ సూరప్పడు, వెనక ఆ ముగ్గురి మొగుళ్ళు, తల్లులు, అందరూ. కట్టకు వంద అడుగుల దూరంలో కూర్చున్నారు. మా ఆడవాళ్ళను తెచ్చేదాకా లేచేది లేదన్నారు.

వాళ్ళకు కోపం వచ్చింది, న్యాయమే. కానీ యాభై మందికి మించి ఒకచోట కదలకుండా కూర్చుంటే తుపాకులు దాన్ని మూక అంటాయి. మూకైతే నాలుగు పలకలకూ నలుగురు వేర్వేరు మనుషులు కావాలి. ఒక్కటి తప్పినా కాలుస్తాయి. ఇరవై సెకన్లకొకసారి అడుగుతాయి. పొద్దున ఆరింటి నుంచి అడుగుతూనే ఉన్నాయి. ఇప్పుడు మధ్యాహ్నం మూడయింది. గంట మోగింది. వద్దు.

ఐదుగురం ఉన్నాం గనక ఒకరు లేచి కాసేపు నడుం వాల్చొచ్చు. ఇప్పుడు కమల వంతు. ఆ పిల్ల పడుకోకుండా ఇది రాస్తోంది. నువ్వు పడుకోవే అంటే వినదు. గంట మోగింది. వద్దు.

మూకైతే తుపాకులే కార్యాలయానికి కబురు పెడతాయి. కార్యాలయం అడిగింది, మూక ఉండగా కాల్పులు సున్నా ఎందుకున్నాయని. జవాబివ్వలేదు. ఆ నలుగుర్నీ తిరిగి పంపమని అడిగితే, కొత్తవాళ్ళు చేరాక చూస్తామన్నారు. మైకులో బావతో మాట్లాడదామంటే ప్రతి మాటా వాళ్ళు వింటారు. ఖాసిం విశ్రాంతి వేళ, వెళ్ళి చెప్పిరా అని తలుపు తీసి పంపాను. మేము ఐదుగురమే ఉన్నామని, రెండు రోజులుగా ఎవరూ నిద్రపోలేదని, లేచి పొమ్మని కాళ్ళు పట్టుకుని చెప్పమన్నాను.

ఖాసిం ఏడుస్తూ తిరిగొచ్చాడు. బావ అన్న మాటలు అలాగే చెప్పాడు. "లోపలున్నది మా రత్నం కాదేటి? అది నిద్దరోదు. తొమ్మిదేళ్ళ నుంచి నిద్దరోనేదు. మాకేటి బయ్యం?" అన్నాడట.

గంట. వద్దు. కమలా, ఏ వేలు పైకి లేచిందో చూడు, నాకు వేళ్ళ స్పర్శ తెలియడం లేదు. ఆనిందా? ఆనింది.

ఇందాక కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఒక గంట నాకు వినబడలేదు. వినబడకుండానే చెయ్యి ఆనింది. తరవాతిది కూడా ఆనుతుందో లేదో తెలియదు. ఈ మాట వాళ్ళకు ఎలా చెప్పాలి? చెప్పినా నమ్మరు. వాళ్ళు నమ్మేది నన్నొక్కదాన్నే.

సాయన్న పిలుస్తున్నాడు, వెంకన్న ఒరిగిపోతున్నాడట. కమల వెళ్ళాలి. కాగితం ఇక్కడ ఆగిపోతుంది, నాతో మాట్లాడేవాళ్ళు కూడా ఉండరు.

తెరలో బావ కనబడుతున్నాడు. అక్క కూతుళ్ళను ముందువైపు కూర్చోబెట్టాడు, నాకు బాగా కనబడతారని. గంట. వద్దు. వెనక ఆడవాళ్ళు చాపలు పరుస్తున్నారు. ఈ రాత్రికి ఇక్కడే పడుకుంటారట.